నోట్లో లవంగం

మా వీధి చివర ఆరు బల్లల హోటలు ఒకటుంది. బోర్డు మీద పేరు ఎండకి వెలిసిపోయి చాలా ఏళ్ళయింది. యజమానురాలిని అందరూ అక్కా అనే పిలుస్తారు కాబట్టి హోటలుకి వేరే పేరు అక్కర్లేకపోయింది. ఆదివారం మధ్యాహ్నం మావారూ నేనూ అక్కడే తింటాం. కిటికీ పక్క బల్ల మాది.

ఆ ఆదివారం మా బల్ల దగ్గర మూడో కుర్చీ లాక్కుని మావారి ఎడిటరుగారు కూర్చున్నారు. పన్నెండేళ్ళలో ఆయన మా వీధిలోకి రావడం అదే మొదలు. భోజనం వద్దన్నారు, టీ తెమ్మన్నారు. టీ వచ్చేదాకా వానల గురించి మాట్లాడారు. వచ్చాక జేబులోంచి ఒక ఉత్తరం తీసి నా పళ్ళేనికీ మావారి పళ్ళేనికీ మధ్య పెట్టారు.

"చదువు," అన్నారు మావారితో. "చెల్లెమ్మని కూడా చదవమను. ఆ రోజు నీతో ఉన్నావిడేగా."

మావారు పత్రికలో ప్రతి శుక్రవారం "అతిథి" అన్న పేరుతో ఒక శీర్షిక రాస్తారు. ఊళ్ళు తిరిగి, హోటళ్ళలో తిని, తిన్నది తిన్నట్టు రాయడం ఆయన పని. ఎక్కడా తానెవరో చెప్పరు. మామూలు ఆలుమగల్లా వెళ్తాం, తింటాం, వచ్చేస్తాం. ఉత్తరం కొండ ఊళ్ళో ఒక హోటలాయన రాసింది. అయిదు వారాల కిందట మేం అక్కడ తిన్నాం. మూడు వారాల కిందట దాని గురించి అచ్చయింది. బార్లీ సూపు గురించే ముప్పావు వంతు. అందులో మావారు రాసిన ఒక వాక్యాన్ని హోటలాయన తన ఉత్తరంలో తిరగరాసి, కింద గీత గీశాడు: "గుటక దిగిపోయాక, ఎవరో వెళ్ళిపోయిన గదిలో లాగా, లవంగం వాసన కాసేపు నిలిచి ఉంటుంది."

ఉత్తరంలో కోపం లేదు. అదే భయం వేసింది నాకు. తన కూతురికి లవంగం పడదనీ, చిన్నప్పుడు రెండుసార్లు గొంతు వాచి ఊపిరాడక ఆసుపత్రి పాలయిందనీ, ఇరవై ఏళ్ళుగా తన వంటింట్లోకి లవంగం రానివ్వలేదనీ రాశాడు. ఆ సంగతి తెలిసి, అలాంటి జబ్బే ఉన్న పిల్లల్ని తీసుకుని దూరం నుంచి వచ్చేవాళ్ళు కొందరున్నారట. పత్రిక చూశాక వాళ్ళు రావడం మానేశారు. "మీ రచయిత పొరబడితే పొరబడ్డానని చెప్పమనండి. నిజమైతే అది నా వంటింట్లోకి ఎలా వచ్చిందో నాకు తెలియాలి. ఆ రోజు ఉన్నవాళ్ళందరూ ఒక్కసారి రావాలి."

చదువుతుంటే నా నాలుక దానంతట అదే కుడివైపు కింది దవడ దగ్గరికి వెళ్ళింది. చివరి నుంచి రెండో పన్ను. అప్పుడు గుర్తొచ్చింది.

ఆ రోజు తెల్లవారుజాము బస్సులో బయల్దేరాం. దారి పొడుగునా పన్ను సలుపు. సంచిలో చిన్న డబ్బాలో లవంగాలు పెట్టుకున్నాను. ఒకటి కొరికి పన్ను మీద నొక్కిపెట్టి, బుగ్గ పట్టుకుని కూర్చున్నాను. హోటలు గుమ్మంలో దాన్ని తీసి కాగితంలో చుట్టి సంచిలో వేసుకున్నాను. తీసేశాను కదా, సరిపోతుందనుకున్నాను.

"ముందు రోజు రేవు దగ్గర తిన్నదీ, ఇదీ కలిసిపోయి ఉంటాయి," అన్నారు మావారు.

ఎడిటరుగారు టీ గ్లాసు తిప్పుతూ, "పన్నెండేళ్ళలో నీకు ఒక్కసారి కూడా రెండు కలిసిపోలేదయ్యా," అన్నారు. "గురువారం కారు తీసుకొస్తాను. ముగ్గురం వెళ్దాం. నువ్వు మళ్ళీ తిను. ఉందో లేదో ఆయన ముందే చెప్పు. అక్కడితో తేలిపోతుంది."

ఆయన వెళ్ళాక అక్క వచ్చి గ్లాసు తీస్తూ, అన్నం అలా కెలికి వదిలేస్తే శుక్రవారం పత్రికలో ఎవరి పరువు పోతుందో చూసుకోమంది. ఇద్దరం నవ్వాం. మావారి వేళ్ళు మాత్రం బల్ల అంచుని వదల్లేదు.

మావారికి వాసన తెలియదు.

ఎనిమిది నెలల కిందట జ్వరం వచ్చి తగ్గింది. జ్వరంతో పాటు ముక్కు కూడా పోయింది. ఉప్పు, పులుపు, తీపి, చేదు నాలుకకి తెలుస్తాయి. కారం మండుతుంది. మిగతాదంతా లేదు. కళ్ళు మూసుకుని కొరికితే ఆపిలూ పచ్చి బంగాళాదుంపా ఆయనకి ఒకటే, ఒకటి కాస్త తీపి, అంతే. డాక్టరు, రావచ్చు, రాకపోనూ వచ్చు అన్నాడు. ఎవరికీ చెప్పొద్దన్నది మావారు. అంతకు ముందు ఏడాది ఆఫీసులో ఫోటోలు తీసే ఆయనకి చేతులు వణకడం మొదలైతే, పాత పత్రికలు కట్టలు కట్టే గదిలోకి మార్చారు. ఆ గదిలో కిటికీ కూడా లేదు. మావారు రోజూ దాని ముందు నుంచే నడిచి వెళ్తారు.

అప్పుడు ఒక పద్ధతి పెట్టుకున్నాం. ముందు నేను తినాలి. చెంచా పళ్ళేనికి కుడిపక్క పెడితే వంట శుభ్రంగా ఉందని. ఎడమపక్క పెడితే నూనె పాతదనో, నిన్నటిది వేడి చేశారనో. బోర్లా పెడితే, ఇక ఏమీ మాట్లాడకండి అని. దినుసులకి అంకెలున్నాయి. ఒకటి మిరియం, రెండు జీలకర్ర, మూడు దాల్చినచెక్క, నాలుగు లవంగం. గ్లాసు అంచు మీద వేలితో అన్నిసార్లు కొడతాను. ఇంటికొచ్చాక ఆయన కాగితం ముందు పెట్టుకుని అడిగేవారు, నేను చెప్పేదాన్ని. మిరియం ముందు వేశారా, చివర్లోనా? వెన్న మాడిందా, మాడబోతూ ఆగిందా? తెలియనిది తెలుసని నేనెప్పుడూ చెప్పలేదు. కాలేజీలో రసాయన శాస్త్రం చదువుతున్నప్పుడు, సీసా మూత తీసి చేత్తో గాలిని ముక్కువైపు తోసుకుని వాసన చూడమని నేర్పారు. ఆ చదువు పనికొచ్చింది అదొక్కచోటే అనుకుంటాను. శుక్రవారం పత్రికలో నా మాట ఒకటి ఉన్నదున్నట్టు అచ్చయితే ఆ వారమంతా ఇంటిపని తేలిగ్గా సాగేది. ఇది నేను మావారికి చెప్పలేదు.

ఆదివారం సాయంత్రం ఆయన పాత కాగితాలు తీశారు.

"నాలుగుసార్లు కొట్టావు కదూ?"

"కొట్టాను."

"మరి తప్పు నీది కాదు. నీ నోటికి తప్పు రాదు. ఆయన వంటింట్లోనే ఎక్కడో ఉంది." కాగితాలు మడిచేశారు. "అయినా పాపం, ఆ మాట ఆయనకెందుకు? నేనే పొరబడ్డానని చెప్పేస్తాను. గొడవ వదిలిపోతుంది."

ఆయన దయతో ఆడబోతున్న అబద్ధం అచ్చంగా నిజమని చెప్పడానికి నాకు నోరు రాలేదు. సోమవారం చెబుదామనుకున్నాను. సోమవారం ఆయన, గురువారం మనం ఎక్కడ కూర్చోవాలి, చెంచా తనకి కనిపించేలా ఎటువైపు ఉండాలి అని బల్ల మీద గీతలు గీసి చూపిస్తూ కూర్చున్నారు. మంగళవారం పన్ను మళ్ళీ సలిపింది. లవంగం పెట్టుకోలేదు. బుధవారం చొక్కా ఇస్త్రీ చేస్తుంటే వెనక నుంచి వచ్చి, "నువ్వు పక్కనుంటే నాకేం భయం లేదోయ్," అన్నారు. ఇస్త్రీపెట్టె చొక్కా మీద ఒక్క క్షణం ఎక్కువ ఆగింది. కాలర్ దగ్గర చిన్న మచ్చ పడింది. వేరే చొక్కా తీశాను.

గురువారం కారులో అయిదు గంటలు. ఎడిటరుగారే నడిపారు. దారిలో ఎప్పుడెప్పుడో ఎక్కడెక్కడో తిన్నవి చెబుతూ వచ్చారు: ఓడ మీద తిన్న ఉడికించిన గుడ్లు, రైలు ఆగిపోయినప్పుడు ఒక స్టేషను మాస్టరు ఇంట్లో పెట్టిన రొట్టె. మావారు అన్నిటికీ సరిగ్గా, సమయానికి నవ్వుతున్నారు. నేను వెనక సీట్లో కూర్చుని చెప్పాల్సిన వాక్యం కూడబలుక్కుంటున్నాను. ఎడిటరుగారి ముందు చెప్పలేను. మధ్యలో పెట్రోలు కోసం ఆగినప్పుడు ఇద్దరమే నాలుగు నిమిషాలు ఉన్నాం. ఆ నాలుగు నిమిషాలూ మావారు కళ్ళు మూసుకుని, "ఒకటి మిరియం, రెండు జీలకర్ర," అని పరీక్షకి వెళ్ళే పిల్లాడిలా వల్లెవేశారు.

హోటలు కొండవాలు మీద రాతి గోడల ఇల్లు. పన్నెండు బల్లలు, నాలుగింటి మీదే మనుషులున్నారు. వంటిల్లు తెరిచే ఉంటుంది. గది మధ్య నుంచి పొయ్యి, గిన్నెలు, కూరగాయలు తరిగే పొడుగాటి చెక్కబల్ల అన్నీ కనిపిస్తాయి. అంతకు ముందు వచ్చినప్పుడు ఆ చెక్కబల్ల దగ్గర ఒక పెద్దావిడ నిలబడి క్యారెట్లు తరగడం చూశాను. అన్నీ ఒక్క కొలత. నాలాంటి మనిషి అనుకున్నాను. ఇప్పుడు అక్కడ ఎవరూ లేరు. చెక్కబల్ల తుడిచి ఆరబెట్టి ఉంది.

ఉత్తరం రాసిన హోటలాయనే అక్కడ వంటాయన కూడా; ఎప్రన్‌కి చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. భారీ మనిషి, మెల్లగా మాట్లాడతాడు. వెనకే కూతురు నీళ్ళ జగ్గుతో వచ్చింది. ఇరవై రెండు, ఇరవై మూడేళ్ళుంటాయి. గ్లాసుల్లో నీళ్ళు పోస్తుంటే ఆమె మెడ వైపు చూడకుండా ఉండలేకపోయాను.

మావారు అనుకున్నట్టే మొదలుపెట్టారు. పొరపాటు నాదేనండీ, ముందు రోజు ఇంకోచోట తిన్నది ఇందులో కలిపేశాను, వచ్చే శుక్రవారమే సవరణ వేస్తాం, క్షమించండి. ఎడిటరుగారు తల ఊపారు. అక్కడితో అయిపోయిందనుకున్నాను.

వంటాయన మాత్రం కూర్చున్నాడు.

"మీరు మంచివాళ్ళు కాబట్టి అలా అంటున్నారు," అన్నాడు. "పదేళ్ళుగా మిమ్మల్ని చదువుతున్నానండి. మీరెవరో తెలీకుండానే. మా గురువుగారి హోటలు గురించి రాసినప్పుడు, ఆయన ఎవరికీ చెప్పకుండా వేసే చిటికెడు దాల్చినచెక్క పట్టేశారు. అది తెలిసింది ఆయనకీ నాకూ మాత్రమే. అలాంటి నాలుక పొరబడదు. దయచేసి నా మొహం చూసి అబద్ధం చెప్పకండి. నాకు నిజం కావాలి."

గురువుగారి హోటలు గురించి మావారు రాసింది ఆరేళ్ళ కిందట. అది ఆయన సొంత నాలుక.

తర్వాత వంటాయన ఏమేం చేశాడో చెప్పాడు. మిరియప్పొడి దగ్గర్నుంచి దినుసుల డబ్బాలన్నీ పారబోశాడు. కొత్తవి తెప్పించి ఒక్కొక్కటీ వాసన చూసి పెట్టాడు. కూతుర్ని వంటింట్లో అడుగు పెట్టనివ్వడం లేదు. రాత్రిళ్ళు లేచి ఆమె గది తలుపు దగ్గర నిలబడి ఊపిరి వింటున్నాడట. అది మాత్రం కూతురు చెప్పింది, తండ్రి వైపు చూడకుండా.

"అదే సూపు, అదే పద్ధతిలో వండాను," అన్నాడు వంటాయన. "తిని చెప్పండి. ఉందా, లేదా?"

మూడు గిన్నెలు వచ్చాయి. పొగలు వస్తున్నాయి. మావారు గిన్నె ఎత్తి వాసన చూసినట్టు ఒక క్షణం ఆగారు. ఆ ఆగడం ఎంత బాగా నేర్చుకున్నారో అప్పుడే గమనించాను. నేను ఒక చెంచా తీసుకున్నాను.

ఆ సూపుని నేను అంతకు ముందు తినలేదు. గిన్నె ఖాళీ చేశాను, దాని గురించి గంటన్నర చెప్పాను, ఆయన ఆరువందల మాటలు రాశారు. కానీ నేను తిన్నది నా పంటి కింది లవంగాన్నే. ఇప్పుడు నోట్లోకి వచ్చింది పూర్తిగా వేరే. ఎర్రగా వేగిన ఉల్లిపాయ, బార్లీ, దాని వెనక దేన్నీ తోసుకురాకుండా నెమ్మదిగా వచ్చే మిరియం, ఆ వెనక ఇంకేదో.

గ్లాసు అంచు మీద ఒక్కసారి కొట్టాను. మిరియం. చెంచా కుడిపక్క పెట్టాను.

మావారు ఇంకో చెంచా తాగి, గిన్నె దించి, "లేదండీ," అన్నారు. "మిరియం ఉంది, అంతే. లవంగం జాడే లేదు."

ఎడిటరుగారు మొదటిసారి కుర్చీలో వెనక్కి వాలారు. మేం గట్టెక్కాం. మావారి మోకాలు బల్ల కింద నా మోకాలికి తగిలింది, శభాష్ అన్నట్టు.

వంటాయన కళ్ళు మూసుకుని తెరిచాడు. కూతురు వైపు తిరిగి, "చూశావా," అన్నాడు. "ఇవాళ లేదు. అంటే అప్పుడుంది. ఆవిడ పోయింది, అదీ పోయింది."

"నాన్నా, అలా అనకు."

ఎవరావిడ అని ఎడిటరుగారు అడిగారు. కూరగాయలు తరిగే ఆవిడ అని చెప్పింది కూతురు. ఇరవై రెండేళ్ళ నుంచి ఇక్కడే పని. తను నడక నేర్చుకుంది ఆవిడ తరిగే బల్ల కాలు పట్టుకునే. మధ్యాహ్నం తినడానికి ఇంటి నుంచి డబ్బా తెచ్చుకునేది. బయటి నుంచి వంటింట్లోకి వచ్చేది ఆ డబ్బా ఒక్కటే కాబట్టి, నాన్న పన్నెండు రోజుల కిందట ఆవిణ్ణి రావద్దన్నాడు. ఆవిడ ఎదురు మాట్లాడలేదు. కత్తి కడిగి, తుడిచి, సొరుగులో పెట్టి వెళ్ళిపోయింది. ఫోన్ చేస్తే ఎత్తడం లేదు.

"ఆవిణ్ణి అన్యాయంగా పంపేశానేమోనని ఇన్నాళ్ళూ నాకే అనుమానం," అన్నాడు వంటాయన. "ఇవాళ మీరు తీర్చేశారు. ఇక మనసులో ఏమీ లేదు." మావారి చెయ్యి పట్టుకుని, కళ్ళకి అద్దుకున్నంత పని చేశాడు.

మావారు నావైపు చూశారు. ఇప్పుడేం చేద్దాం అని కాదు ఆ చూపు. పాపం ఆవిడ అని. ఆయన కూడా నమ్మేశారు. ఆ గదిలో అందరూ నా నోటినే నమ్ముతున్నారు, నేను తప్ప.

నా చెంచా కుడిపక్క ఉంది. దాన్ని తీసి బోర్లా పెట్టాను. చప్పుడు కాకుండానే పెట్టాననుకుంటాను. మావారు మెల్లగా తల అడ్డంగా ఊపారు.

"లవంగం నా నోట్లో ఉంది," అన్నాను.

ఎవరికీ అర్థం కాలేదు. పన్ను సంగతి చెప్పాను. బస్సు సంగతి, డబ్బా సంగతి, గుమ్మంలో తీసేసిన సంగతి చెప్పాను. వాక్యాలు నేను కారులో కూడబలుక్కున్నట్టు రాలేదు, కానీ వచ్చాయి.

ఎడిటరుగారు ముందుకు వంగారు. ఆయన గొంతు ఏమీ పెరగలేదు.

"మీ నోట్లో ఉన్న లవంగం ఆయన రాతలోకి ఎలా వచ్చిందమ్మా?"

దానికి జవాబు నాది కాదు. నేను చెబితే మావారికి ఇంకేమీ మిగలదు. నేను బోర్లా ఉన్న చెంచానే చూస్తూ కూర్చున్నాను. పక్క బల్ల మీద ఎవరో రొట్టె విరిచిన చప్పుడు వినిపించింది.

"నాకు వాసన తెలీదండీ," అన్నారు మావారు. "ఎనిమిది నెలలైంది. తినేది ఆవిడ. నేను రాసేది మాత్రమే."

వంటాయన మావారి చెయ్యి వదిలేశాడు. నావైపు తిరిగాడు.

"ఆ లవంగం ఎక్కడ పెట్టారమ్మా? ఈ బల్ల మీద పెట్టలేదుగా?"

"లేదండీ. కాగితంలో చుట్టి సంచిలో."

"మా గ్లాసులో నీళ్ళు తాగారుగా? ఆ రోజు గ్లాసులు తీసింది అమ్మాయే."

అది నాకు ఆ క్షణం దాకా తట్టలేదు. నాలుగు రోజులుగా నేను భయపడింది మావారి ఉద్యోగం గురించీ, నా పేరు గురించీ. ఇరవై ఏళ్ళుగా లవంగం రాని గదిలోకి దాన్ని తెచ్చింది నేను. తెచ్చి, ఎంగిలి గ్లాసు ఆ పిల్ల చేతికిచ్చాను.

"నాన్నా, నేను బాగానే ఉన్నాను కదా," అంది కూతురు. "కూర్చో."

ఆయన కూర్చోలేదు. ఎప్రన్ కూడా విప్పకుండా గుమ్మం వైపు నడిచాడు. గుమ్మంలో ఆగి, ఆవిణ్ణి తీసుకొస్తాను, పొయ్యి మీద పాలున్నాయి చూసుకో అన్నాడు. కూతురు రెండు వారాల తర్వాత మొదటిసారి వంటింట్లోకి వెళ్ళింది.

మేం ముగ్గురం మిగిలాం. సూపు చల్లారుతోంది. కిటికీలోంచి వంటాయన వాలు దిగుతూ కనిపించాడు, చేతులు ఊపకుండా, తొందరగా.

మావారు నావైపు తిరగకుండానే అడిగారు, "ఎప్పుడు తెలిసింది నీకు?"

"ఆదివారం. ఉత్తరం చదువుతున్నప్పుడు."

"నాలుగు రోజులు. నాలుగు రోజులూ అంకెలు అప్పజెప్పించుకున్నావు," అన్నారు.

బోర్లా ఉన్న చెంచా తీసి గిన్నెలో పెట్టాను.

ఎడిటరుగారు గిన్నె దగ్గరికి లాక్కుని సూపు తాగడం మొదలుపెట్టారు. సగం తాగాక మావారితో అన్నారు: "ముక్కు పోయిందని అప్పుడే చెప్పుంటే నేనేం చేసేవాణ్ణో నాకు తెలీదయ్యా. మంచి పనే చేసేవాణ్ణని ఒట్టేసి చెప్పలేను. చెప్పలేదు కాబట్టి ఇప్పుడేం చెయ్యాలో మాత్రం తెలుసు. శీర్షిక ఆగిపోతుంది."

"సరేనండి," అన్నారు మావారు. ఆయన భుజాలు వంగలేదు. నేను భయపడినట్టు ఆయన కుంగిపోలేదు. ఎనిమిది నెలల తర్వాత మొదటిసారి ఆయన నా గ్లాసు అంచు వైపు చూడకుండా కూర్చోవడం చూశాను.

నలభై నిమిషాలైంది. ఆవిడ రాదేమో అనుకున్నాను. కూతురు రెండుసార్లు గుమ్మం దాకా వచ్చి చూసి వెళ్ళింది. పన్నెండు రోజులు ఇంట్లో కూర్చున్న మనిషి, ఎదురు మాట్లాడకుండా కత్తి కడిగి వెళ్ళిన మనిషి, పిలవగానే ఎందుకు రావాలి? నేనైతే రాను.

ముందు గొడుగు కనిపించింది. ఆవిడ ముందు నడుస్తోంది, వంటాయన నాలుగడుగుల వెనక. లోపలికి వచ్చి గొడుగు మూలకి ఆనించి, తిన్నగా మా బల్ల దగ్గరికి వచ్చింది. నేను లేచి నిలబడ్డాను. నాకంటే పొట్టి. నన్ను కింద నుంచి పైకి తీరిగ్గా చూసింది.

"మీరేనా అమ్మా లవంగం?"

"నేనేనండి. తప్పయింది."

"పన్ను పీకించుకున్నారా?"

"ఇంకా లేదండి."

"పీకించుకోండి. నొప్పి మీదీ, పని పోయేది నాదీనా?" వంటాయన వైపు చెయ్యి చాచింది. "నా ఎప్రన్ ఏది? అది కూడా పారబోశావా?"

ఆయన తను కట్టుకున్నదే విప్పి ఇచ్చాడు. అది ఆవిడకి పాదాల దాకా వచ్చింది. నడుం దగ్గర రెండు మడతలు పెట్టి బిగించుకుని లోపలికి వెళ్ళింది. సొరుగు లాగిన చప్పుడు, తర్వాత చెక్క మీద కత్తి చప్పుడు. మొదట ఆగి ఆగి, ఆ తర్వాత ఒకే తూగులో. కూతురు ఏడుస్తోందో నవ్వుతోందో ఇటువైపు నుంచి తెలియలేదు. వంటాయన మాత్రం ఆ చప్పుడుకి వీపు ఆనించినట్టు గోడకి చేరగిలి నిలబడ్డాడు. మమ్మల్ని క్షమించానని అనలేదు. తిని వెళ్ళమన్నాడు.

ఎడిటరుగారు జేబులోంచి కలం తీసి బల్ల మీద పెట్టారు. "సవరణ ఇక్కడే రాయండి. ఆయన చదివి సరే అన్నాకే అచ్చుకి వెళ్తుంది."

మావారు కలాన్ని నావైపు జరిపారు.

"రాసేది మీరు కదా," అన్నాను.

"తిన్నది నువ్వు," అన్నారు. గొంతులో కోపం ఉంది. ఉండనిచ్చాను.

కాగితం లేదు. బల్ల మీది మెనూ కార్డు తీసుకున్నాను. నేను హోటళ్ళలో మెనూ కార్డు చదవను. ఇవాళ ఏం వండారు అని అడిగి తింటాను, అదొక గొప్ప. ఖాళీ చోటు కోసం చివరి పేజీ తిప్పాను. పేజీ మధ్యలో, గీతల గడిలో, లావుపాటి అక్షరాలతో ఉంది: "మా వంటింట్లో లవంగం లేదు. లవంగంతో చేసినవి దయచేసి లోపలికి తేవద్దు." కింద అరపేజీ ఖాళీ.

అక్కడ రాశాను. లవంగం ఎవరి నోట్లో ఉందో, తిన్నదెవరో, రాసిందెవరో, ఎందుకు దాచామో. కొట్టివేతలు లేకుండా తొమ్మిది వాక్యాలు వచ్చాయి. చివరికి, ఆ సూపు నిజంగా ఎలా ఉంటుందో చెప్పడం న్యాయమనిపించింది. చల్లారిపోయిన గిన్నెలోంచి ఒక చెంచా తీసుకున్నాను.

మావారు చూస్తున్నారు. "ఎలా ఉంది?" అని అడిగారు. పక్క బల్ల వాళ్ళు తల తిప్పేంత గట్టిగా. ఎనిమిది నెలల్లో బల్ల దగ్గర ఆయన ఆ మాట పైకి అడగడం అదే మొదలు.

"ఉల్లిపాయ ఎర్రగా వేయించారు, మాడనివ్వలేదు. మిరియం దించేటప్పుడు వేశారు. బార్లీ విడిగా ఉడికించి కలిపారు." ఇంకో చెంచా తీసుకుని నాలుక మీద నిలిపాను. "ఇంకొకటి ఉంది. అదేంటో నాకు తెలియడం లేదు."

గోడ దగ్గర నిలబడ్డ వంటాయన వింటున్నాడు. చెబుతాడేమోనని చూశాను. చెప్పలేదు.

"తెలియలేదనే రాయి," అన్నారు మావారు.

రాశాను.